శివారు

లాకుల వంతెన ఎక్కబోతే
స్కూటరు నీరసపడిపోయింది.
చదును మీద బాగానే ఉంది మరి,
గొల్లవిల్లి దాకా గాలితో పందెం వేసుకునే వచ్చింది.
ఎత్తు కనపడగానే
చేబదులు అడిగితే మొహం తిప్పుకునే చుట్టంలా
ఆగింది.

తెల్లారకముందే పట్టాలి చెరువు నీళ్ళు.
ఎండెక్కాక పట్టిన సీసా
రొయ్య రాత్రంతా ఎంత ఆయాసపడిందో దాచేస్తుంది.
సీటు కింద ఎనిమిది సీసాలున్నాయి,
ఇంకా నాలుగు చెరువులు బాకీ.

ఇరవైనాలుగ్గంటల నంబరుకి వీడియో కలిపాను.
అనంతపురంలో ఒక గది,
నిద్ర లేని కళ్ళు, పేరు ఓబులేసు.
"యాడ ఆగిపాయ మేడమ్?
ముందు తాళం తీసేయండి. ఎం.సి.బి. దించండి.
చేతికి గాజులుంటే అవి గూడా."
"ఆయ్," అన్నాను.
ఉలిక్కిపడ్డాడు. "ఏమాయ? షాక్ కొట్టెనా?"
లేదండీ,
మా వైపు ఆయ్ అంటే సరేనని.

ఏరియేటర్ల మోటార్లు చూసే నూకరాజు
మీటరు పట్టుకుని గట్టు మీదకొచ్చాడు.
నిలబడ్డ బండికి అరవై నాలుగు వోల్టులు.
"నిలబడితే అందరూ ఆరోగ్యంగానే ఉంటారు మేడమ్,
బరువు మోస్తే కదా తెలిసేది.
బ్యాటరీ పోయుంటే నలభై వేలు."
సీసాకి యాభై నాకొచ్చేది.
ఎనిమిది వందల సీసాలు
గట్టు పొడుగునా వరస కట్టి నిలబడ్డాయి.

బ్యాటరీకి క్లిప్పులు పెట్టి, టేపు చుట్టి,
నూకరాజు వెనక ఎక్కి కూర్చున్నాడు.
నేను వంతెన ఎక్కుతుంటే
రొయ్యల వేలం పాటలాగా అరుస్తున్నాడు:
అరవై మూడు! అరవై రెండు! అరవై రెండే అక్కా!
బండి ఆగింది, అంకె ఆగలేదు.
క్లిప్పులు తీసి కంట్రోలరుకి పెట్టి, మళ్ళీ.
అరవై! యాభై ఆరు!
యాభై రెండు...
వాడి గొంతు కూడా దిగిపోయింది.

"అక్కడ అరవై రెండు, ఇక్కడ యాభై రెండు,"
ఓబులేసు గొణుక్కున్నాడు,
"నడుమ పది..."

నాకు మా నాన్న గుర్తొచ్చాడు.
కాలవ మీద లస్కరు ఆయన.
ధవళేశ్వరంలో నిండుగా వదిలారు,
శివారు చేలో నెర్రెలు, అంటే
ఆనకట్టని తిట్టేవాడు కాదు,
మేఘాన్నీ తిట్టేవాడు కాదు.
చేతికర్ర తీసుకుని
గట్టు వెంబడి నడిచేవాడు, తూము తూముకీ ఆగి,
దొంగ గొట్టం ఎక్కడుందో
కాలితో తడిమి.

"మధ్యలో ఎవరో తాగేస్తున్నారండీ," అన్నాను.
"దారి చూద్దాం."
అటు తెర మీద ఒక నవ్వు. "అదే నేనూ అనబోతా ఉండా."

ఒక్కో అతుకుకీ అటొక సూది ఇటొక సూది.
సున్నా చూపించాలట,
కలిసున్నవాటి మధ్య ఏమీ ఉండకూడదట.
నూకరాజు గట్టు కిందనించి పైకి
ఎన్ని సార్లు ఎక్కాడో నాతో.
సున్నా. సున్నా. సున్నా పాయింట్ రెండు.
ఫుట్‌బోర్డు కింద నల్ల తీగ దగ్గర
తొమ్మిది పాయింట్ ఏడు.

ఎం.సి.బి. దించి, మూత విప్పితే
పచ్చగా చిలుం.
ఉప్పుగాలి రెండేళ్ళుగా
తీరిగ్గా పూసిన పచ్చ.
చూడ్డానికి అంటుకునే ఉంది, లోపల ఒదులు.
"చింతపండు పెట్టి తోమనా?"
"అయ్యో, వద్దు మేడమ్! గరుకు కాగితం చాలు."
పది నంబరు స్పానరుతో బిగించి,
పెదాలకి రాసుకునే వేజలీన్
దానికి రాశాను.

ఫోన్లో నాలుగు శాతం.
"ఇందాకట్నుంచి ఆ చప్పుడేంది మేడమ్? వానా?"
కాదండీ, ఏరియేటర్లు, అని ఫోను చెరువుల వైపు తిప్పాను.
కనుచూపు మేరా నీళ్ళు, నురగలు, పొద్దు.
చాలాసేపు మాట్లాడలేదు అతను.
"మా ఊర్లో బోరు ఎనిమిది వందల అడుగులు," అన్నాడు చివరికి.
ఏమనాలో తెలియక
ఉంటానండీ, మీ మేలు మర్చిపోను, అంటే
"ఆయ్," అన్నాడు.
ఆ మాట అంత పొడిగా
ఎవరి నోటా వినలేదు నేను.

వంతెన ఎక్కింది బండి, దిగింది.
ఉప్పలగుప్తంలో మిగిలిన నాలుగు చెరువులకీ
రిజిస్టరులో ఉన్నదున్నట్టు రాశాను:
ఆలస్యం. ఏడూ పది.
అంకెలు నమ్మకండి,
రేపు మళ్ళీ వస్తాను.